సొంత గడ్డం మీద కత్తి

సౌకార్‌పేటలో మింట్ వీధికి ఆనుకుని ఉన్న ఒక సందులో పెద్దాయన చాలా ఏళ్లు సెలూన్ నడిపాడు. సూళ్లూరుపేట దగ్గరి పల్లె నుంచి మీసం మొలవని వయసులో వచ్చి, ఇక్కడే పని నేర్చుకుని, ఇక్కడే స్థిరపడ్డాడు. ఇప్పుడు కుర్చీలు కొడుకు వరస కుర్రవాడికి అప్పగించి మేడమీద గదిలో ఉంటున్నాడు. ఆయన మేనల్లుడు మద్రాసులోనే పుట్టి పెరిగినవాడు, ఇంజనీరింగ్ చదివి ఉద్యోగం చేస్తున్నాడు. ఈమధ్య జర్మనీలోని జోలింగెన్‌లో తయారైన మడత కత్తి ఒకటి తెప్పించుకున్నాడు. పాతకాలం సెలూన్లలో వాడిన రకం. దానితో తన గడ్డం తానే గీసుకోవడం నేర్చుకుంటానని పట్టుబట్టాడు. మంగళవారం, సెలూన్‌కి సెలవు. ఆ పూట మామా అల్లుళ్ల మధ్య నడిచిన వాదన ఇది. నేను ఇద్దరికీ కావలసినవాణ్ణి. నా మొగ్గు మామ వైపేనని ముందే చెబుతున్నాను. ఒక్క చోట మాత్రం కాదు.

అల్లుడు: ఇదిగో మామా, కత్తి. చేతిలోకి తీసుకుని చూడు. ఉక్కు ఎట్లా ఉందో ముందు చెప్పు, తిట్లు తర్వాత.

మామ: ఉక్కు మంచిదేరా. వెన్ను మందంగా ఉంది, అక్కడి నుంచి వాదర దాకా రెండు పక్కలా లోపలికి తొలిచారు. అయిదు వంతుల కత్తి. అంగుళాన్ని ఎనిమిది భాగాలు చేస్తే అందులో అయిదు. వెడల్పు 16 మిల్లీమీటర్లు ఉంటుంది. నేర్చుకునేవాడికి సరైన కొలతే. కొస కూడా గుండ్రంగా ఉన్నది చూసి కొన్నావు. కొస మొనదేలి ఉంటే చెవి దగ్గర మొదట గుచ్చుకునేది అదే. అంతా బాగానే ఉంది కానీ, దీంతో గడ్డం తెగదు.

అల్లుడు: ఏంది మామా! ఇప్పుడే డబ్బాలోంచి తీశాను. కాగితం మీద పెడితే సర్రున తెగింది.

మామ: కాగితం తెగుద్ది. బొటనవేలు తడిచేసి, బరువు వేయకుండా, వాదరకు అడ్డంగా ఇట్టా ఆనించు. పొడుగునా జరపమాక. ఏం తెలిసింది?

అల్లుడు: నున్నగా ఉంది.

మామ: నున్నగా ఉందంటే పదును లేదని. పదునున్న వాదర వేలిని పట్టుకుంటుంది, జారనివ్వదు. ఫ్యాక్టరీలో చక్రం మీద పెట్టిన పదును అంతవరకే వస్తుంది. గడ్డానికి కావలసిన పదును రాయి మీద చేత్తో తేవాలి, ఆమీదట తోలు మీద దువ్వాలి. నువ్వేమో గీసుకోవడం నేర్పమంటున్నావు. గీత కొన్నాళ్లకు చేతికి వస్తుంది. నూరడం రానివాడి దగ్గర ఈ కత్తి ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

అల్లుడు: నూరడమూ నేర్చుకుంటాను. వెయ్యి నంబరు రాయితో మొదలుపెట్టి ఎనిమిది వేలు, పన్నెండు వేల దాకా రాళ్లు దొరుకుతున్నాయి. వంటింటి కత్తికైతే మనమే కోణం చూసి పట్టుకోవాలి. దీనికి ఆ బాధ లేదు కదా. వెన్నూ వాదరా రెండూ రాయికి ఆనించి పెడితే కోణం దానంతటదే కుదురుతుంది.

మామ: అది నిజం. చేసినవాడి తెలివంతా అక్కడే ఉంది. వెన్ను ఎంత మందం పెట్టాడో దాన్ని బట్టే కోణం. అందుకే నూరేటప్పుడు వెన్ను రవ్వంత లేచినా వాదర గుండ్రపడుద్ది, మళ్లీ మొదటికి వస్తావు. మా నాయన దగ్గర నంబర్ల రాళ్లు లేవు. నల్లటి నున్నటి రాయి ఒకటి పొదిలో గుడ్డకు చుట్టి పెట్టుకునేవాడు. ఊరి గడ్డాలన్నిటికీ అదొక్కటే. సరే, ఇంత తిప్పలు నీకెందుకు? కింద సెలూన్ ఉంది, కుర్రవాడున్నాడు. దిగిపోతే పది నిమిషాల పని.

అల్లుడు: నా మెడ చూశావు కదా. గడ్డం గీసిన మర్నాడు ఎర్రగా గుల్లలు లేస్తాయి. మూడు బ్లేడ్లు, అయిదు బ్లేడ్లు వరసగా పేర్చిన రేజర్లు వాడినన్నాళ్లూ ఇంతే. ముందు బ్లేడు వెంట్రుకను పైకి లాగుతుంది, వెనకది చర్మం మట్టం కంటే లోపలికి కోస్తుంది. ఆ వెంట్రుక మళ్లీ పెరిగేటప్పుడు వంకర తిరిగి చర్మంలోకే పొడుచుకుంటుంది. నాకు ఒక్క వాదర కావాలి, మట్టానికి కోసి వదిలేసేది.

మామ: ఒక్క వాదరే కావాలంటే టోపాజ్ బ్లేడు బిగించుకునే పాత రేజరు చాలదా? అదీ ఒక్కటే కదా కోసేది. బ్లేడు మొద్దుబారిందా, పారేసి ఇంకోటి వేసుకో. రాయి వద్దు, తోలు వద్దు.

అల్లుడు: జిల్లెట్ అమ్మింది ఆ సుఖాన్నే మామా. 1903లో రేజరు బజారులో పెడితే ఆ ఏడాది 51 రేజర్లు, 168 బ్లేడ్లు అమ్ముడుపోయాయి. తర్వాత కొద్ది ఏళ్లలోనే లోకమంతా దాని వెంటపడింది. నూరే పని తప్పింది కాబట్టే అంత గిరాకీ. దాంతో మగవాడికి తన కత్తి పదును తనకే తెలియకుండా పోయింది. మొద్దుబారిన బ్లేడుతోనే ఇంకో నాలుగు రోజులు లాగుతారు. కత్తి పట్టినవాడు అట్లా లాగలేడు, ముఖమే చెప్పేస్తుంది. ఇంకో మాట. సముద్రం పక్కన ఊళ్లో ఉంటున్నాం. పారేసిన ప్లాస్టిక్ రేజరు ఎక్కడికి పోతుందో మనకు తెలుసు. ఈ కత్తిని సరిగ్గా చూసుకుంటే నా జీవితకాలానికి ఇదొక్కటే.

మామ: సముద్రం సంగతి బాగా ఎత్తావు. ఈ ఉక్కు మచ్చపడే ఉక్కు. మద్రాసు గాల్లో ఉప్పుంటుంది. ఐప్పసి, కార్తీక మాసాల వానల్లో ఒక్క రాత్రి తడిగా వదిలేస్తే తెల్లారేసరికి వాదర మీద కంటికి కనబడనంత తుప్పు. కనబడదు గానీ బుగ్గ మీద పెట్టగానే గరుకు తెలుస్తుంది. గీసుకున్న వెంటనే కడిగి, తుడిచి, మడత సందులో కూడా పొడిగుడ్డ పెట్టి, కుట్టు మిషను నూనె ఒక చుక్క పూసి పెట్టాలి. ఒక్కరోజు బద్ధకించినా జీవితకాలం మాట మర్చిపో. ఇంకో సంగతి చెప్తా విను. ఇన్నేళ్లలో ఇట్టాంటి కత్తితో నా గడ్డం నేను ఒక్కసారి కూడా గీసుకోలేదు.

అల్లుడు: నువ్వా?

మామ: నేనే. మాలో ఎవరూ గీసుకునేవాళ్లు కాదు. పొద్దున కొట్టు తెరవగానే ఒకరికొకరం గీసుకునేవాళ్లం. గీసేవాడు నిలబడి ఉంటాడు, గీయించుకునేవాడి తల వెనక్కి ఆనుకుని కదలకుండా ఉంటుంది. కత్తి బలం మోచేతి నుంచి వస్తుంది. నీ ముఖం నువ్వు గీసుకుంటే మోచెయ్యి గాల్లో వేలాడుతుంది, మణికట్టు వంగిపోతుంది. ఎడమ బుగ్గకు పోయేసరికి నీ చెయ్యి నీ కళ్లకే అడ్డం. అద్దంలో చూస్తే కత్తి ముఖం వైపు వస్తోందో దూరంగా పోతోందో అంతుపట్టదు. నాకు వచ్చిన విద్య ఎదుటివాడి ముఖానిది. నీకు కావలసిన విద్య నా దగ్గర సగమే ఉంది.

అల్లుడు: ఆ సగం కోసమే పుస్తకం రాసినవాడున్నాడు. పారిస్‌లో కత్తులు చేసే జాన్ జాక్ పెరే. 1769లో, మగవాడు తన గడ్డం తానే గీసుకోవడం ఎట్లాగో నేర్పుతూ పుస్తకం అచ్చు వేయించాడు. అప్పటికి జిల్లెట్ లేదు, ఏదీ లేదు. అందరికీ ఇదే కత్తి. వాళ్లు నేర్చుకోలేదా?

మామ: ఆయన కత్తికి ఇంకేమీ చేయలేదా?

అల్లుడు: చేశాడు. వాదర రవ్వంత మాత్రం బయటికి ఉండేట్టు చెక్క తొడుగు ఒకటి పెట్టాడు.

మామ: చూశావా. కత్తులు చేసినవాడే, నేర్పినవాడే, నేర్చుకునేవాడి చేతిని నమ్మలేక తొడుగు తొడిగాడు. సేఫ్టీ రేజరు ఆ రోజే పుట్టింది. నేనూ ఆ మాటే చెప్తున్నా.

(పెరే సంగతి అల్లుడికి ఉపయోగపడలేదు. అయినా ఆ తొడుగు నాకు ఇంకో విధంగా కనబడుతుంది. సొంతంగా గీసుకోవడాన్ని ఆయన మానేయమనలేదు. కొత్తవాడు చర్మానికీ వాదరకూ మధ్య దూరం తెలుసుకునేదాకా ఒక అడ్డు పెట్టాడు. మామ చివర్లో పెట్టిన షరతులు దీనికి దగ్గరగానే ఉన్నాయి.)

మామ: అదట్టా ఉంచు. 1986లో ఏమైందో తెలుసా? నువ్వు అప్పటికి పుట్టలేదు.

అల్లుడు: చదివాను మామా. ఇక్కడే, సెంట్రల్ దగ్గర మద్రాస్ మెడికల్ కాలేజీలో సునీతి సాల్మన్ గారు, ఆమె శిష్యురాలు నిర్మల గారు. నిర్మల గారు సేకరించిన రక్తం నమూనాలు వేలూరు సీఎంసీలో పరీక్షిస్తే మన దేశంలో హెచ్ఐవీ ఉన్నట్టు మొట్టమొదట తేలింది.

మామ: ఇక్కడి నుంచి నడిచిపోయేంత దూరంలో. నువ్వు చదివావు, నేను ఈ కుర్చీ పక్కన నిలబడి చూశాను. ఆ తర్వాత కొన్నేళ్లకు, పేపర్లలో, గోడల మీద ఆ మాట నిండిపోయాక, గిరాకీలు కూర్చోగానే అడగడం మొదలుపెట్టారు, 'కొత్త బ్లేడేనా?' అని. ఏళ్ల తరబడి నా చేతికింద కళ్లు మూసుకుని కునుకు తీసిన సేట్లు కూడా కళ్లు తెరిచి నా చేతినే చూసేవాళ్లు. ఈ వీధి జైన సాధువులకు మా పనితో నిమిత్తం లేదు, వాళ్లు జుట్టు చేత్తోనే పీక్కుంటారు. మిగతా ఊరంతా మా కత్తి కిందకి వచ్చిందే. గోవిందప్ప నాయకన్ వీధి కోమట్లు, మార్వాడీలు, గుజరాతీలు, మూటలు మోసేవాళ్లు, అందరికీ అదే కత్తి. మధ్యలో డెట్టాల్ నీళ్లలో ముంచేవాళ్లం, తోలు మీద నాలుగుసార్లు దువ్వేవాళ్లం. ఆ తోలును ఎవరు కడిగారు? నువ్వే చెప్పు, కడిగితే తోలు ఉంటుందా?

అల్లుడు: ఆ లెక్కన హెచ్ఐవీ కంటే హెపటైటిస్-బి భయమే పెద్దది. ఎండిపోయిన నెత్తురులో వారం రోజులైనా బతికి ఉంటుంది.

మామ: మాకు ఆ పేరు కూడా తెలియదు. తెలిసిన నాటికి ఎంతమందిని గీశామో. మా కత్తులన్నీ పాత ఇనుము కొట్లో వేశాను, ఒక్కటి కూడా మిగల్చలేదు. అప్పటి నుంచి బ్లేడు కత్తే. గిరాకీ కళ్ల ముందే టోపాజ్ బ్లేడును కాగితంతో సహా మడిచి టక్కున రెండు ముక్కలు చేసి, ఒక ముక్క కత్తిలోకి తోసి, పని కాగానే పారేయాలి. తిరుమలలోనూ అంతే. మన పేట మీదుగా, యానైకవుని దాటి ఏటా తిరుపతి గొడుగులు పోతాయి చూడు, ఆ స్వామి కల్యాణకట్టలో తలనీలాలు తీసేది కూడా బ్లేడు కత్తితోనే. ఈ పాత కత్తి పోవడం మంచికే పోయింది. దాన్ని నువ్వు డబ్బులు పెట్టి మళ్లీ ఇంట్లోకి తెచ్చావు.

అల్లుడు: సెలూన్‌లోకి తేలేదు మామా, ఇంట్లోకి. ఒక కత్తి, ఒక ముఖం. ఈ తోలు మీద ఇంకెవరి కత్తీ దువ్వరు. నువ్వు చెప్పిన కారణం కొట్టుకు నూటికి నూరుపాళ్లు సరైనదే, నా అద్దం ముందుకు అది రాదు.

మామ: ఊఁ. ఆ ముక్క ఒప్పుకుంటా. నా అసలు మాట వేరే ఉందిలే. ఇది మన ఇళ్లల్లోకి మళ్లీ రాకూడదురా. మీ అమ్మ దీన్ని చూసిందా?

అల్లుడు: చూసింది. ఏమీ అనలేదు, లోపలికి వెళ్లిపోయింది.

మామ: ఎందుకు వెళ్లిపోయిందో నీకు తెలియదు. మీ తాత ఊరంతటికీ గడ్డాలు గీసేవాడు. రొక్కం ఇచ్చేవాళ్లు కాదు, ఏడాదికోసారి కళ్లంలో మేర గింజలు కొలిచేవాళ్లు. కొలిచేటప్పుడు ఆయన దూరంగా నిలబడాలి. పెళ్లికి ఆయన సన్నాయి లేకపోతే ముహూర్తం సాగదు, చావుకు ఆయన కత్తి లేకపోతే కర్మ సాగదు, పొద్దున్నే ఎదురొస్తే మాత్రం అపశకునమని వెనక్కి తిరిగిపోయేవాళ్లు. పురిటికి మా అమ్మే పోయేది. ఇన్ని చేసినా బళ్లో నన్ను పిలిచింది నా పేరుతో కాదు. అందుకే ఈ ఊరొచ్చాను. ఇక్కడ తలకింత అని చేతిలో డబ్బు పెట్టేవాళ్లు. ఆ డబ్బుతోనే మీ అమ్మకు పెళ్లి చేశాం, ఆవిడ నిన్ను చదివించింది. నీ చేతిలో కత్తి ఉండకూడదనేరా ఇదంతా చేసింది.

అల్లుడు: ఆ మాట కాదనను. కానీ మామా, అవమానించింది ఊళ్లో మనుషులు. తాత చేతిలో ఉన్నది విద్య. ఆయన నల్లరాయి మీద తెచ్చిన పదును కోసం ఇప్పుడు విదేశాల్లో పుస్తకాలు చదువుతున్నారు, రాళ్లకు వేలు పోస్తున్నారు. మన ఇళ్లల్లో మాత్రం సిగ్గుపడి వదిలేశాం. నేనూ వదిలేస్తే ఆ ఊరివాళ్ల మాటే నెగ్గినట్టు కాదా?

మామ: నువ్వు విద్య అంటున్నావు, నీకు నెల జీతం వస్తోంది కాబట్టి. విద్య అని అనుకోవడానికి మీ తాతకు ఖాళీ దొరకలేదు.

(నేను అల్లుడి పక్షం అన్నది ఈ చోటే. మామ బాధను ఎవరూ తక్కువ చేయలేరు. ఆయన చెప్పినవి ఆయన మీద పడ్డవి. కానీ ఆ కత్తిని పట్టిన చేతులు తరతరాలుగా కనిపెట్టి ఉంచుకున్న తెలివి కూడా అంతే నిజం. ఎంత తడపాలి, చర్మాన్ని ఎక్కడ లాగాలి, వాదర ఎప్పుడు అలిసిందో వేలికి ఎట్లా తెలుస్తుంది అనేవి ఆ చేతులతోనే పోతున్నాయి. కింద సెలూన్‌లో పనిచేసే కుర్రవాడికి నూరడం రాదు, వాడికి ఆ అవసరం పడలేదు. ఈ పేటలో ఆ పని తెలిసిన వేళ్లు ముసలివాళ్లవే. మేనల్లుడు ఇష్టపడి అడుగుతున్నప్పుడు చెప్పకుండా ఉండటం నాకు అన్యాయమనిపించింది. ఆ మాట ఆయనతోనే అన్నాను. చాలాసేపు ఊరుకుని, కత్తి మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు.)

మామ: ఎట్టా పట్టుకుంటావో చూపించు.

అల్లుడు: ఇట్లా, పిడి పట్టుకుని.

మామ: పిడి పట్టుకోవడానికి ఇది కూరగాయల కత్తి కాదు. పిడి వాదరకు తొడుగు మాత్రమే, దాన్ని పైకి తిప్పెయ్. బొటనవేలు కత్తి మెడ కింద, మూడు వేళ్లు మెడ పైన, చిటికెనవేలు ఆ తోక మీద. బిగించమాక. బిగించావంటే బరువు పడుద్ది, బరువు పడితే తెగుద్ది. రెండో చెయ్యి ఏం చేస్తుంది?

అల్లుడు: అద్దం పట్టుకుంటుంది?

మామ: అద్దం గోడకు ఉంటుంది. రెండో చేతిదే అసలు పని. చెవి ముందర చర్మాన్ని వేళ్లతో పైకి లాగి పట్టాలి, డోలు చర్మంలా బిగువుగా. వదులు చర్మం మీద ఏ కత్తి పెట్టినా ముడతలోనే దిగుద్ది. సబ్బు నురుగు అంటి వేలు జారుతుంది, అందుకని ఆ వేళ్లకు పటిక రాసుకో. తెగితే రాసుకోవడానికి ఎటూ పటిక దగ్గర ఉండాల్సిందే. కత్తి వెన్ను చర్మానికి దగ్గరగా, ఒకటి రెండు వెన్ను మందాల ఎత్తులో ఉండాలి. నిలబెట్టావంటే గీకుద్ది, పూర్తిగా పడుకోబెడితే వెంట్రుకను పీకుద్ది. ఎప్పుడూ పక్కకు జరపమాక. వాదర ఎటు చూస్తుందో అటే పోవాలి. పక్కకు జరిగిన వాదర కూరగాయను కోసినట్టు కోస్తుంది.

అల్లుడు: గడ్డం ఎంతసేపు తడపాలి?

మామ: స్నానం చేసిన వెంటనే కూర్చో. లేదంటే వేడినీళ్ల గుడ్డ రెండు మూడు నిమిషాలు కప్పి, ఆమీదట బ్రష్‌తో నురుగు. నీళ్లు తాగిన వెంట్రుక మెత్తబడి సులువుగా తెగుద్ది. నురుగు ఆరిపోతే మళ్లీ రాసుకో, బద్ధకించమాక. నేను నేర్చుకున్నది నా మోకాళ్ల కింద, కాళ్ల మీద. మా మేస్త్రి నన్ను మనిషి ముఖం దగ్గరకు రానిచ్చేసరికి నా కాళ్ల మీద ఒక్క వెంట్రుక లేదు. నువ్వు ముందు తోలు మీద దువ్వడం నేర్చుకో. వెన్ను ముందు నడవాలి, వాదర వెనక రావాలి. కొసకు పోయాక వెన్ను మీదే తిప్పాలి, వాదర మీద తిప్పావా, తోలూ తెగుద్ది, పదునూ పోద్ది. తోలు వేలాడకూడదు, బిగువుగా లాగి పట్టు. ముందు మెల్లగా. మేం గబగబా దువ్వడం చూసి నువ్వు వేగం నేర్చుకోమాక, అది గిరాకీ కోసం చేసిన చప్పుడు.

అల్లుడు: ముఖం మీదకు ఎప్పుడు?

మామ: రెండు బుగ్గలు మాత్రం, అదీ మొలిచిన దారినే, పైనుంచి కిందికి. ఎదురు గీత మాట ఇప్పుడు ఎత్తమాక. పై పెదవి, గడ్డం మొన, గొంతు ముడి, ఇవి నీ పాత రేజరుతోనే చేసుకో. తొందరున్న పొద్దున అసలు కత్తి ముట్టుకోమాక. ఆఫీసు బస్సు చూస్తూ ఈ కత్తి పట్టినవాడికి పటిక చాలదు.

అల్లుడు: అయితే ఒప్పుకున్నట్టే కదా మామా?

మామ: ఒప్పుకోలేదు. నా మాట అట్టాగే ఉంది. నీ మెడకు టోపాజ్ బ్లేడు రేజరు చాలు, ఇది అవసరం లేదు. మీ అమ్మతో నేను మాట్లాడతా, నువ్వు మాట్లాడమాక. ఎటూ నువ్వు మానేది లేదు, తప్పుగా గీసుకుంటుంటే నేను చూస్తూ ఊరుకోలేను. వెయ్యి నంబరు రాయి తెచ్చావా? తేకపోతే పోయి తీసుకురా. చెంబుతో నీళ్లు కూడా. ఈ పూటకి వాదర రెండు పక్కలా ఒక్క తీరుగా రావడం చాలు, పెద్ద నంబర్లు వచ్చే మంగళవారం చూద్దాం.